అరుపు పరీక్ష

ఆ సోమవారం ఉదయం కూడా సత్యవేణి ఎవరినీ ఏమీ అడగలేదు. మంచం దిగి కాళ్ళు కింద పెట్టేసరికి గోడలోని అందుగూడు తెరుచుకుని కాఫీ బయటికొచ్చింది. రాత్రి ఆమెకు సరిగ్గా నిద్రపట్టని సంగతి కాఫీకి తెలుసు, అందుకే కాస్త చిక్కగా వచ్చింది. కొత్త ఉద్యోగంలో రోజంతా నిలబడాలన్న సంగతి చెప్పులకు తెలుసు, అందుకే మెత్తటివి వచ్చాయి. గుమ్మం వైపు నడవగానే తలుపు తనంతట తానే తప్పుకుంది. ఆ తలుపుకి లోపల గొళ్ళెం లేదు, బయట గడియ లేదు. విశాఖపట్నంలో ఇప్పుడు గడియలన్నీ పంచాంగంలోనే ఉన్నాయి.

దీనంతటికీ మూలం ఎరుకవల. ప్రతి ఇంటి గోడలోనూ అరచేయంత గోడచెవి ఒకటి ఉంటుంది. అది మనిషి ఊపిరినీ, ఒంటి వేడినీ, కడుపులో ఖాళీనీ పసిగట్టి, తీగ మీదుగా, ఊరంతటినీ కనిపెట్టుకునే ఎరుక యంత్రానికి కబురు పెడుతుంది. ఎరుక వెంటనే అందుబండిని పంపుతుంది. నీళ్ళూ, భోజనం, మందూ మాకూ, అన్నీ నోరు తెరవకముందే నోటిదాకా వస్తాయి. కబురు రాని ఇల్లు హాయిగా ఉన్నట్టే లెక్క.

ఈ ఏర్పాటు వచ్చి పన్నెండేళ్ళయింది. జనం మొదట అడగటం తగ్గించారు, తరవాత మానేశారు, ఆ తరవాత అడగటమే తప్పయింది. నలుగురిలో నోరు తెరిచి "మంచినీళ్ళు" అన్న మనిషిని ఇప్పుడు చూసే చూపు, పూర్వం పెళ్ళిపందిట్లో పంచె ఊడినవాణ్ణి చూసిన చూపులాంటిది. ఇక అరవటం సంగతి చెప్పనే అక్కర్లేదు. బడిలో అ ఆలు దిద్దించే ముందు పెదవుల మీద వేలు పెట్టించేవారు. అక్షరాభ్యాసానికంటే ముందు అది నిశ్శబ్దాభ్యాసం.

సత్యవేణికి ఇరవై మూడేళ్ళు. ఇంటిపేరు బోని. ఆ రోజు ఉద్యోగానికి బోణీ. పేరులో వేణి ఉంది కాబట్టి తీగల జడలల్లే పని తనకి రాసిపెట్టే ఉందని తనే నవ్వుకునేది. పుట్టింది జాలారిపేటలో. అమ్మమ్మ చేపల వలలు అల్లి బతికింది, మనవరాలు ఎరుకవల అల్లి బతకబోతోంది. మెడలో మూడు ముళ్ళు పడే వయసులో ముడిగదిలో పడుతున్నానని స్నేహితురాళ్ళతో అంది. మనుషులు చేసే ఉద్యోగాలు ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలిన రోజులవి. ఈ ఒక్కదాని కోసం రెండేళ్ళు చదివింది. తొంభై రోజుల పరీక్షాకాలం దాటితే జీవితాంతం ఢోకా లేదు. దాటకపోతే, గోడచెవి ముందు కూర్చుని కాఫీ తాగటమే మిగులుతుంది.

తొమ్మిదో నంబరు ముడిగది పాత ఊళ్ళో, సముద్రానికి దగ్గరగా ఉంది. నలభై వేల ఇళ్ళ తీగలు ఆ గదిలోకి వచ్చి ముడిపెట్టెల్లో కలుస్తాయి. లోపల చలి, సన్నటి హోరు, గోడ నిండా మినుకుమినుకుమనే ఆకుపచ్చ దీపాలు. ఆ గదికి పెద్ద కొల్లి సన్యాసిరావు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పేరు ప్రకారం బంధాలు తెంపుకోవలసినవాడు, జీతం ప్రకారం ముప్ఫై ఏళ్ళుగా ఊరందరి బంధాలూ కలుపుతున్నాడు.

"రా తల్లీ. చదువుకున్నదంతా చెప్పుల్లాగ గుమ్మం బయట ఇడిచీసి రా," అన్నాడు. "పుస్తకంలో ప్రతి తీగకీ పేరుంటాది కదా. ఇక్కడ సముద్రం గాలికి పేర్ల పట్టీల జిగురు ఊడిపోయి, వందకి నాలుగు తీగలు అనామకులు. ఎవుడివో, ఎక్కడివో, బతికున్నాయో లేవో దేవుడికెరుక."

"ఎరుకకి తెలియదా మాష్టారూ?"

"దానికి ఇళ్ళు తెలుసు గానీ తీగలు తెలీవు. కబురొస్తే చాలు దానికి, ఏ దారిన వొచ్చిందో పట్టదు. దారి రాసిపెట్టుకోడానికే నువ్వూ నేనూ."

"మరి పేరు లేని తీగ ఎవరిదో ఎలా తెలుసుకుంటారు?"

"పీకీసి."

సత్యవేణి నవ్వింది. సన్యాసిరావు నవ్వలేదు.

"నిజమే చెప్తన్నాను. పీకీసి ఊరుకోవాలి. ఎవుడి తీగో ఆడే అరుస్తాడు. అరిస్తే ఎంటనే తిరిగి పెట్టీడమే. మూడు రోజులు ఎవుడూ అరవకపోతే అది చచ్చిన తీగ. సంతకం పెట్టి చుట్ట చుట్టీడమే. మా గురువుల గురువుల కాలం నించీ వొస్తన్న పద్ధతి. అరుపు పరీక్ష అంటారు."

గది మూలన, పైకప్పు కింద ఇత్తడి రంగు మొరబాకా ఒకటి వేలాడుతోంది. ఊళ్ళో ఎక్కడ మనిషి గొంతు పెరిగినా, అక్కడి వీధిచెవి పట్టి అందులో మోగించాలని నిబంధన.

ఆ ముడిగదికి ఒక ఆచారం ఉంది. కొత్తగా చేరినవాళ్ళు మొదటి రోజునే ఒక అనామకపు తీగని తమ చేత్తో పీకాలి. దాన్ని బోణీ తీగ అంటారు. మూడు రోజులయ్యాక చుట్టచుట్టి, పీకినవాళ్ళ పేరు రాసి, వెనక గదిలో మేకుకి తగిలిస్తారు. ఆ రోజు సన్యాసిరావు మాడుగుల హల్వా పంచుతాడు. అప్పటినుంచే ఆ మనిషి ముడిగది మనిషి.

సత్యవేణికి చూపించిన తీగ కింది వరసలో చివరిది. పట్టీ ఊడిపోయి జిగురు మరక మాత్రం మిగిలింది. దాని పక్కన ఆకుపచ్చ దీపం నెమ్మదిగా, నిద్రపోయే మనిషి ఊపిరిలా వెలిగి ఆరుతోంది.

"ఇది వెలుగుతోంది మాష్టారూ."

"తడి తగిలితే చచ్చినవి కూడా మినుకుతాయి. పీకు."

ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అమ్మమ్మ వలతాడు చిక్కుపడ్డప్పుడు కత్తి తియ్యగానే తెంపేది కాదు. ముందు తాడుని ఒకసారి గుంజి, వేళ్ళ మధ్య పట్టుకుని ఊరుకునేది. "చచ్చిన తాడు వొచ్చీస్తాదే గుంటా. బతికున్నది అవతలోడితో ఉంటాది," అనేది. సత్యవేణికి అలా గుంజి చూడాలనిపించింది. సన్యాసిరావు చూస్తున్నాడు. రెండేళ్ళు చదివొచ్చి మొదటి రోజే వలతాడు వేషాలేమిటి అనుకుంటాడని, బొటనవేలితో నొక్కి పీకేసింది.

దీపం రెండుసార్లు గబగబా కొట్టుకుని ఆరిపోయింది.

ఆ రోజు ఎవరూ అరవలేదు. మంగళవారం కూడా మొరబాకా మూగగానే ఉంది. మధ్యాహ్నం ఆమె స్టూలెక్కి దాని దుమ్ము తుడవబోయింది. గొట్టంలో సాలీడు గూడు కట్టుకుని ఉంది. ఇప్పటిది కాదు, తరాల తరబడి కాపురమున్న గూడు.

"మాష్టారూ, ఇందులో ఆఖరిసారి అరుపు ఎప్పుడొచ్చింది?"

"పన్నెండేళ్ళవుతాది. కోటవీధి నించి ఒకాయన. నన్నూ, మా నాన్ననీ, ఆ తీగ కనిపెట్టినోణ్ణీ ఏకం చేసి తిట్టాడు. ఏటి నోరు, ఏటి నోరు. అప్పట్లో ఇవి ఒట్టి ఫోను తీగలు, ఒకటి పీకితే పావుగంటలో మూడు అరుపులు." సన్యాసిరావు గర్వంగా అరచేతులు చూసుకున్నాడు. "ఆ తరవాత ఒక్కటీ లేదు. మన చేతి చలవ."

పన్నెండేళ్ళు అన్న మాట ఆమె చెవిలో గుచ్చుకుంది. గోడచెవులు వచ్చింది కూడా పన్నెండేళ్ళ కిందటే.

బుధవారం ఆమె పాత పరీక్షల పుస్తకం తీసింది. ఈ పన్నెండేళ్ళలో నలభై ఒక్క పరీక్షలు జరిగాయి. పుట పుటకీ ఒకే గడి, ఒకే మాట. అరిచినవారు: లేరు. అరిచినవారు: లేరు. చదువుతూ పోతుంటే అది ఒక మూగ ఊరి జనాభా లెక్కలా అనిపించి పుస్తకం మూసేసింది. రాత్రి ఎరుక ఆమెకు నిద్రమాత్ర పంపింది.

గురువారం పదకొండింటికి మూడు రోజులూ నిండాయి. సన్యాసిరావు హల్వా పొట్లం బల్ల మీద విప్పాడు. సత్యవేణి సంతకం పెట్టింది. ముడిపెట్టెలో ఆ తీగ కన్నం ఖాళీ అయినట్టు ఎరుక తెర మీద చూపించింది. ఇక తీగని లోపలికి లాగి చుట్ట చుట్టటమే మిగిలింది.

ఆమె లాగింది. తీగ రాలేదు. మళ్ళీ లాగింది.

"రావట్లేదు మాష్టారూ."

"రాకపోతే గోడ దగ్గర కోసీ. చిన్న చుట్ట అవుతాది, అంతే కదా."

ఆమె కత్తెర కోసం వెనక గదిలోకి వెళ్ళింది. మేకులకు వరసగా చుట్టలు వేలాడుతున్నాయి, ఒక్కొక్కదాని కింద ఒక్కో పేరు. చాలావరకు బండిచక్రమంత పెద్దవి. లాగగానే ఊరికే వచ్చేసిన తీగలవి. మధ్యలో అక్కడక్కడా గాజులంత చిన్న చుట్టలు. ఆమె లెక్కపెట్టింది. ఏడు.

కత్తెర తీసుకోకుండా తిరిగొచ్చింది. తీగని రెండు వేళ్ళతో పట్టుకుని, ఒకసారి గుంజి, ఊరుకుంది. తీగ బిగువుగా ఉంది. అవతల ఎవరో గట్టిగా పట్టుకున్నట్టుంది.

"ఇది అవతలివాళ్ళతో ఉంది మాష్టారూ."

"ఎవులైనా ఉంటే ఈపాటికి ఎరుక చెప్పదా?"

"ఎరుకకి ఎవరు చెబుతారు? వాళ్ళ కబురు రావలసింది ఈ తీగలోనే. కబురు రాకపోతే హాయిగా ఉన్నట్టు కదా దాని లెక్క."

సన్యాసిరావు చేతిలో హల్వా ముక్క నోటిదాకా వచ్చి ఆగింది. దాన్ని తిరిగి పొట్లంలో పెట్టాడు.

"సంతకం అయిపోనాది తల్లీ. ఇప్పుడు తిరిగి పెట్టాలంటే నీ పేరున కోత తప్పు రాయాలి. నాలుగు రోజుల ఉద్యోగం. ఆలోచించుకో."

"అరుపు వినిపిస్తే?"

"అరుపు వినిపిస్తే నిబంధన ఒప్పుకుంటాది. సంతకం అయినా సరే, ఎంటనే కలిపీవొచ్చు. అరుపు లేకుండా నేను పెట్టినా ఆ కన్నం తీసుకోదు."

"అయితే వెళ్ళి ఒక అరుపు పట్టుకొస్తాను," అంది సత్యవేణి.

తీగ ముడిగది వెనక గోడలోంచి బయటికొచ్చి, మురుగుకాలవ అంచునే కొంత దూరం పోయి, స్తంభాలెక్కింది. ఆమె తలెత్తి దాన్నే చూస్తూ నడిచింది. పాత ఊరు దాటి, గోదాములు దాటి, శంఖువాని మెట్ట ఎక్కింది. అక్కడ మనుషుల రాకపోకలు లేవు. అందుబండ్ల చక్రాలకి అరిగిన దారి ఒక్కటే ఉంది, దాని మీద మూడు రోజుల ఆకులు రాలి ఉన్నాయి. దారి చివర మూడంతస్తుల మేడ. లంగరు నివాస్. ఓడరేవులో పనిచేసి విరమించినవాళ్ళ ఇళ్ళు, పదకొండు. తీగ ఆ మేడ గోడలోకి దూరింది, పదకొండు ఇళ్ళకీ అదొక్కటే.

తలుపులన్నీ మూసి ఉన్నాయి. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి.

మొదటి కిటికీ ఊచల వెనక అరవై ఏళ్ళావిడ కుర్చీలో కూర్చుని ఉంది. తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. పెదవులు మాత్రం బీటలు వారాయి. సత్యవేణిని చూసి నవ్వబోతే పెదవి చిట్లింది.

"ఎవరమ్మా మీరు?"

"ముడిగది నుంచి వచ్చానండి. వల మనిషిని. మీ ఇంటికి అందుబండి ఎప్పుడొచ్చింది?"

"ఏదో కాస్త ఆలస్యమైనట్టుంది. వస్తుందిలెండి. దానికెన్ని ఇళ్ళో, పాపం."

"ఎప్పుడొచ్చిందండీ ఆఖరిసారి?"

"సోమవారం టిఫిను వచ్చింది. భోజనం రాలేదు. కుళాయి కూడా అప్పుడే ఆగింది. పూలకుండీల్లో నీళ్ళుంటే నిన్నటిదాకా సర్దుకున్నాం."

సత్యవేణి ఊచలు పట్టుకుంది. "కిటికీ తెరిచే ఉంది కదండీ. ఒక్క కేక వేస్తే కింద వీధిచెవికి వినబడేది. ఎవరినీ పిలవలేదా?"

ఆవిడ ముఖంలో నొప్పికంటే నొచ్చుకోవటం ఎక్కువ కనిపించింది.

"కేక వెయ్యటమేమిటమ్మా. మేమటువంటి మనుషులం కాదు. పక్కింటి అప్పన్నగారు నిన్న పొద్దున్న ఒకసారి గొంతు పెంచబోయారు. గోడ తట్టి, వద్దండీ బాగుండదు అన్నాను. మళ్ళీ అనలేదు. పెద్దమనిషి."

సత్యవేణి పక్క కిటికీలోకి చూసింది. మంచం, మంచం అంచున రెండు పాదాలు, గోడచెవికి ఆనించిన ఒక చెయ్యి. ఈగలు. ఆమె రెండోసారి చూడలేదు.

తిరిగొచ్చి నెమ్మదిగా అంది: "అమ్మగారూ, ఒక్కసారి అరవండి. వీధిచెవికి వినిపిస్తే మీ తీగ తిరిగి కలుపుతారు."

ఆవిడ నోరు తెరిచింది. చిన్న దగ్గు వచ్చింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడింది. ఈ మాటలు విని పై అంతస్తుల కిటికీల్లోకి ముఖాలు వచ్చాయి. "ముందు మీరు కానివ్వండి," అని ఒక గొంతు. "అయ్యో, పెద్దవారు, మీరే ముందు," అని ఇంకో గొంతు. బఫే భోజనాల దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళలాగా ఒకరినొకరు మర్యాద చేసుకున్నారు. ఎవరి గొంతూ కిటికీ దాటలేదు. వాళ్ళు మొరాయించటం లేదు. అరుపు ఎక్కడ మొదలవుతుందో, కడుపులోనా గొంతులోనా, వాళ్ళకి గుర్తు లేదు.

సత్యవేణికి మాత్రం గుర్తుందా? పదమూడేళ్ళప్పుడు ఒకసారి బళ్ళో అమ్మమ్మలా కేక వేసినందుకు మాష్టారు చెంప మీద కొట్టాడు. ఆ తరవాత వెయ్యలేదు. ఆమె వీధి వైపు తిరిగింది. నోరు తెరిస్తే గాలి వచ్చింది. మళ్ళీ తెరిస్తే మూలుగు వచ్చింది. కళ్ళు మూసుకుని, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, అలలకు అవతలి పడవని పిలిచే ముసలమ్మని తలుచుకుంది. పొట్ట బిగించింది.

"ఓ... హోయ్."

మెట్ట మీది కాకులన్నీ ఒక్కసారి లేచాయి. కిటికీల్లో ముఖాలు చెవులు మూసుకున్నాయి.

రెండు నిమిషాల్లో అందుబండి ఆకులు తొక్కుకుంటూ పైకొచ్చింది. మేడ వైపు వెళ్ళలేదు. తిన్నగా సత్యవేణి ముందు ఆగింది.

"మీ గొంతు ఒరుసుకుంది. మీ మనసు బాగాలేదు," అంది ఎరుక గొంతు, మెత్తగా. ఒక గ్లాసు నీళ్ళు, ఒక మాత్ర బయటికి వచ్చాయి.

"నాకు కాదు. లోపల మనుషులు చచ్చిపోతున్నారు."

"లంగరు నివాస్‌లో పదకొండు ఇళ్ళు. అందరూ క్షేమం."

ఆమె గ్లాసు తీసుకుని ఊచల మధ్యనుంచి ఆవిడకి అందించింది. ఆవిడ అందుకుని, "మీరు తాగారా?" అని అడిగింది. సత్యవేణి వీధి వైపు తిరిగి మళ్ళీ అరిచింది. మళ్ళీ బండి వచ్చింది, మళ్ళీ ఒకే గ్లాసు, ఒక మనిషికి సరిపడా. ఆ గ్లాసు మూడో కిటికీకి. మళ్ళీ అరిచింది. ఎరుకకి ఆ మెట్ట మీద ఒక్క బాధే తెలుస్తోంది, ఆమెది. అందుకని ఆమె తన బాధనే గ్లాసు గ్లాసుగా పంచింది. నాలుగో అరుపుకి గొంతులో నెత్తురు రుచి తగిలింది. "ఇది మీ ఐదో అరుపు," అంది ఎరుక దిగులుగా. "మీకు విశ్రాంతి కావాలి. మిమ్మల్ని తీసుకెళ్ళటానికి పెద్ద బండి బయలుదేరింది."

ఆమె ఆరోసారి నోరు తెరిచేలోపు వెనక తలుపులు కదిలిన చప్పుడయింది. పదకొండు తలుపులూ ఒకేసారి తప్పుకున్నాయి. కుళాయిలు బుస్సుమన్నాయి. ముడిగదిలో సన్యాసిరావు తీగ కలిపేశాడు. గోడచెవులన్నీ ఒక్కపెట్టున మూడు రోజుల కబురు చెప్పాయి కాబోలు, కింద దారి పట్టనన్ని బండ్లు బయలుదేరాయి, ఆమె కోసం వస్తున్న పెద్ద బండి వాటి వెనక చిక్కుకుపోయింది. వాటిలో రెండో ఇంటికి వచ్చినది ఒక్కటే తెల్లగా, నింపాదిగా వచ్చింది. దానికి తొందర లేదు.

అరగంట తరవాత సన్యాసిరావు నడిచి మెట్టెక్కాడు. రొప్పుతున్నాడు. చేతిలో పరీక్షల పుస్తకం ఉంది. తెరిచి చూపించాడు. అరిచినవారు అన్న గడిలో, పన్నెండేళ్ళలో మొదటిసారి, ఒక పేరుంది. బోని సత్యవేణి. దాని కింద కోత తప్పు అన్న గడిలో తన పేరు రాసుకున్నాడు.

"నీ నాలుగు అరుపులు ఆ గూట్లోనే ఆగిపోనాయి, ఐదోది మొరబాకాలో దద్దరిల్లిపోనాది. సాలీడు పారిపోనాది," అన్నాడు. నవ్వటానికి ప్రయత్నించాడు గాని తెల్లబండి వైపు చూసి మానుకున్నాడు.

అప్పుడు చూసింది ఆమె అతని ఎడమ చేతి వైపు. మణికట్టు నుంచి మోచేతిదాకా, గాజుల్లా, ఆ ఏడు చిన్న చుట్టలూ వేసుకుని ఉన్నాడు.

"ఇవి గోడ దగ్గర కోసినవి," అన్నాడు. "రెండు నా చేత్తోనే కోశాను. మిగతావి నేనే కోయించాను. పెద్ద చుట్టలు చచ్చినవే, ఆటికి భయం లేదు. ఇవి కూడా చచ్చినవే అయ్యుంటాయి కదా?"

ఆమె ఒక చుట్టని వేలితో తాకింది. గొంతు మిగల్లేదు.

"దారి రాసిపెట్టుకోడానికే మనం అన్నాను. రాసుకోలేదు. ఈ ఏడూ ఏ ఇళ్ళకి పోయేవో ఇప్పుడు తెలీదు. ఒకటి తొమ్మిదేళ్ళ కిందటిది."

మెట్ట కింద ఊరంతా ఎండలో ప్రశాంతంగా పరుచుకుని ఉంది. వేల మేడలు, వేల మూసిన తలుపులు. చప్పుడు లేదు. పక్కన ఆగిన అందుబండి ఎరుక గొంతుతో, ఎవరూ అడక్కపోయినా, నగరంలో అందరూ క్షేమమని చెబుతోంది.

సన్యాసిరావు మెట్ట అంచుకి వెళ్ళి నిలబడ్డాడు. ఒకసారి తూర్పుకి, ఒకసారి ఉత్తరానికి తిరిగాడు. నోరు తెరిచి, మూసి, వెనక్కి చూశాడు.

"ఏ వైపు తిరిగి అరవాలే పాపా?"